మేడమీది స్నానము – క్రిందింటి చెమ్మ

మా కాపురము అంగలకుదురున. ఇంటి క్రింది భాగము మా మామగారు కట్టించినది. అందు మా మరిదిగారి కుటుంబము కలదు. మేడ తరువాతి కాలమున లేచినది. అందు మా అత్తగారు, మావారు, నేను, మా యిరువురు బిడ్డలు నుందుము. మావారు బడిపంతులు. ఇంటి సంగతి యింత విప్పి చెప్పుటకు కారణము కలదు. మా స్నానపుగదిలో ఒలికిన నీరు మా తోడికోడలి సామానుగది కప్పున తేలినది. ఒక సంసారపు నీరు మరియొక సంసారపు నెత్తిపై బడునప్పుడు ఆ తగవు నీటితో ఆగదు. ఈ మాట మేడలుగల యిండ్లలోని సోదరీమణులకు నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు.

నిరుడు ఆషాఢమున మొదట కనబడినది అరచేతియంత మచ్చ. పప్పుడబ్బాల బల్లకు సరిగా పైని, తేనీరు ఒలికినట్లు అంచు గోధుమవన్నెగాను, నడుమ బూడిదవన్నెగాను ఉండెను. శ్రావణము వచ్చునప్పటికి అది విస్తరి యంతయై, తెల్లని ఉప్పువంటి పొడి పూచినది. ఒకనాడు సున్నపు పెచ్చు ఊడి బియ్యపు డబ్బాలో బడెను. మా తోడికోడలు మాట తూలని మనిషి. ఆ పెచ్చును పళ్ళెములో పెట్టి పైకి తెచ్చి నా ముందుంచి, ఏమియు ననక మెట్లు దిగిపోయెను. అంతకంటె ఆమె నాలుగు మాటలన్నను నాకు బాగుండెడిది.

మావారు ఒక గుత్తేదారును పిలిపించిరి. అతడు గది వైపు ఒక్కసారి చూచి, టైళ్ళ సందులను గీకి, తెల్లసిమెంటు నింపి, దానిపై ఏదో ద్రావకమును కుంచెతో రాచి, పదియేండ్ల వరకు చింత లేదని చెప్పి పదునారువేల రూపాయలు పట్టుకొనిపోయెను. కార్తిక మాసమున మచ్చ మరల వచ్చినది. ఈసారి రెండు మచ్చలు. మరియొకనిని పిలువగా, "అమ్మగారూ, మొత్తం పగలగొట్టి వాటర్ ప్రూఫింగు చేయాల్సిందే, డెబ్బై వేలు అవుతుంది" అనెను. ఆ ధనము మా పెద్దమ్మాయి కళాశాల చేరికకై మూడేండ్లుగా కూడబెట్టుచున్నది. మావారు రాత్రులు కాగితముపై కూడికలు తీసివేతలు వేయుచు కూర్చుండిరి. లెక్కల పంతులుగారు గనుక తప్పు వేయలేదు. కాని ఎన్నిమారులు వేసినను మిగులు మారలేదు.

అసలు బాధ ధనము కాదు. ఒకనాడు మా తోడికోడలు పెరటిలో ఎవరితోనో, "అత్తగారు మడి అని మూడుపూటలా బిందెలకొద్దీ పోసుకుంటారు, ఏ గచ్చు ఆగుతుంది?" అనెను. దురుద్దేశముతో నన్న మాట కాదు. ఎవరైనను అట్లే తలచెదరు. నేనును మనసులో అట్లే తలచితిని. కాని ఆ మాట అత్తగారి చెవిని బడినది. ఆమె మాకెవరికిని చెప్పక, మరునాటినుండి తెల్లవారుజామున మెట్లు దిగి పెరటిలోని చేతిపంపు రాతిపై స్నానము చేయసాగెను. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు, మోకాళ్ళ నొప్పులు. మార్గశిరపు చలి. ఆ రాతిపై పాకుడు. నాకీ సంగతి నాలుగవ దినమున గాని తెలియలేదు. నేను దిగునప్పటికి ఆమె తడిబట్టలతో తులసికోట గోడను రెండు చేతులతో పట్టుకొని నిలిచి యుండెను. "ఏమీ లేదమ్మా, కాలు తడబడింది" అనెను. పడలేదు. పడవలసినదే.

ఆనాడు నేను గుత్తేదారుల మాట ప్రక్కన బెట్టి, నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో నేనే తేల్చుకొనవలెనని నిశ్చయించితిని.

నా చదువు బడిలోనిది కాదు. మా నాయనగారు నాకు ఇంటనే అమరకోశము, కొన్ని కావ్యములు, అన్నంభట్టుగారి తర్కసంగ్రహము చెప్పిరి. అందు అన్వయ వ్యతిరేకములని యొక పాఠము కలదు. కారణము ఉన్నచోట కార్యము ఉండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరినగాని ఇది దానికి కారణమని పలుకరాదు. పొగను జూచి నిప్పును ఊహించు ఉదాహరణముతో ఆ పాఠము ముగిసినది. పొయ్యి కట్టెలది కాక గ్యాసుదైన వంటయింట నాకు దాని యవసరము మరల రాలేదు. స్నానపుగదిలో వచ్చినది.

అత్తగారు మూడుపూటలు స్నానము చేయుచున్నారు, క్రింద చెమ్మ యున్నది. ఇది అన్వయము మాత్రమే. ఆమె నాలుగు దినములు పెరటిలో స్నానము చేసినను మచ్చ తగ్గలేదు గదా యని నాకప్పుడు తోచినది. అయితే అంతమాత్రమున ఆమె నిర్దోషి యనుటయు తొందరపాటే. ఏలయన మేమందరము అదే గదిని వాడుచునే యుంటిమి.

స్నానపుగదిలో నీరు ఒక్కటే యని మనము తలచెదము. కొంచెము నిలిచి చూచిన నాలుగు విధముల నీరు కనబడును. మిద్దె పైని తొట్టినుండి గోడలలోని గొట్టములలో రాత్రింబవళ్ళు నిలిచియుండు నీరు మొదటిది. కుళాయి త్రిప్పినప్పుడు మాత్రమే పారు నీరు రెండవది. షవరుకు పోవు గొట్టము ఇట్టిది. వాడిన తరువాత తూములోనికి పోవు నీరు మూడవది. గచ్చుపై పరచుకొని కాసేపు నిలుచు నీరు నాలుగవది. వీనిలో ఏది కారుచున్నదో తెలియక గచ్చుకు పూత పూయుట, కడుపునొప్పికి కంటిలో మందు వేయుట వంటిది. మా పదునారువేలు అట్లే పోయినవి. వాటర్ ప్రూఫింగు అనునది నాలుగవ నీటికి మాత్రమే మందు. గోడలో గొట్టము చిల్లుపడినచో, ఎంత మంచి పూతయైనను ఆ నీటిని ఆపలేదు. అది పూతకు వెనుకనుండియే వచ్చుచున్నది.

అన్నిటికంటె ముందు మావారిచేత సామానుగది దీపమునకు విద్యుత్తు ఆపించితిని. మచ్చ ఆ దీపపు బిగింపునకు జానెడు దూరమున నుండెను. చెమ్మ తీగెలను జేరినచో మాట మచ్చతో పోదు. తరువాత పెన్సిలుతో మచ్చల అంచులచుట్టు గీత గీసి, తేదీ వ్రాసితిని. ఇది చిన్న పని యని తోచును గాని, ఇది లేనిదే తక్కినవన్నియు వ్యర్థము. "పెరిగింది", "తరిగింది" అను కంటి మాటలు నమ్మదగినవి కావు. కోపముగా నున్నవారికి మచ్చ పెరిగినట్లే కనబడును.

మొదటి పరీక్ష తొట్టిది. ఆ తొట్టి మా మేడకు మాత్రమే నీరిచ్చును. రాత్రి పదిగంటలకు అందరును పని ముగించుకొనిన పిమ్మట కుళాయిలన్నియు కట్టి, మోటారు ఆపి, పొడి వెదురుబద్దను తొట్టిలో ముంచి తడి ఎంతవరకు వచ్చెనో గుర్తు పెట్టితిమి. వేకువ అయిదు గంటలకు మరల చూడగా రెండు వ్రేళ్ళ మేర తగ్గినది. మావారు మిక్కిలి సంతోషించి, "గొట్టమే! దొరికింది దొంగ" అనిరి. నాకు ఫ్లషు తొట్టిపై అనుమానము కలిగెను. దానిలో బట్టల నీలిమందు కొంచెము కలిపి, ఎవ్వరును మీట నొక్కకుండ కావలి యుంటిని. పావుగంటలో క్రింది పింగాణి గిన్నెలో నీలము దిగినది. లోపలి రబ్బరు బిళ్ళ అరిగి, ఎవరికిని వినబడక నీరు జారిపోవుచున్నదన్న మాట. బిళ్ళ మార్పించితిమి; ఖర్చు నూటయేబది రూపాయలు. మరునాటి రాత్రి బద్దపై గుర్తు కదలలేదు.

నిలువ గొట్టములలో దోషము లేదని దీనివలన తేలినది. ఇట మావారికిని నాకును అభిప్రాయభేదము వచ్చినది. దోషము దొరికినది గనుక పని ముగిసినదని వారనిరి. దొరికిన దోషము వేరు, మనము వెదకుచున్న దోషము వేరు. ఫ్లషునుండి జారిన నీరు మలినపు గొట్టములోనికే పోవును గాని కప్పులోనికి ఏల వచ్చునని నేనంటిని. నాలుగు దినములు చూడగా మచ్చ గీతను దాటి వ్రేలెడు ముందుకు వచ్చెను. వారు నవ్వి, తరువాతి పరీక్ష ఏమని నన్నడిగిరి.

తరువాతిది వ్యతిరేకము. మాఘమున రేపల్లెలో మా పినతల్లిగారింట పెండ్లి. మేమందరము ఆరుదినములు వెడలిపోయితిమి. పోవునప్పుడు స్నానపుగదికి తాళము వేసి, తాళపుచెవి మా తోడికోడలికే యిచ్చితిని. మచ్చను దినమున కొకమారు చూచి గీత గీయుమని కోరితిని. తిరిగివచ్చునప్పటికి ఆమె ఆరు తేదీలు వ్రాసియుంచెను. మచ్చ ఆరిపోలేదు, కాని గీత దాటలేదు, అంచులు పాలిపోయినవి. ఆ దినములలో వాన లేదు గనుక ఆ ఒక్క ఆధారముతో వాననీటిని పూర్తిగా విడిచిపెట్టలేదు గాని, మేము వాడు నీటితో మచ్చకు సంబంధము కలదని మాత్రము స్థిరపడినది.

రేపల్లెలో నుండగా మా పినతల్లిగారు తమ స్నానపుగది గోడను నాకు చూపిరి. అది నేలమీది గది. గోడ అడుగునుండి నడుము ఎత్తు వరకు చెమ్మ, చౌడు పూత. దానికి పైన గోడ శుభ్రముగా నున్నది. ఆమెకును ఎవరో వాటర్ ప్రూఫింగు పూత చెప్పియుండిరి. ఇది వేరొక రోగము. మన డెల్టా భూములకు నీరు దగ్గర. విజయవాడ యొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనప్పటినుండియు, పిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, కాలువల నీరు పారు నెలలలో ఇచ్చటి నేల తడిసి ముద్దగా నుండును. పునాదిపై నీటిని అడ్డగించు పొర వేయని పాతగోడలు, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నేలలోని నీటిని పైకి పీల్చును. ఆ చెమ్మ సాధారణముగా మూడడుగుల ఎత్తునకు మించి పోదు. అంతలో గాలికి ఆరిపోవును. కాలువలు కట్టిన వేసవిలో తగ్గి, నీరు విడిచిన తరువాత హెచ్చును. స్నానపుగది గచ్చును ఎంత త్రవ్వినను ఆ గోడ బాగుపడదు. గోడకు మూరెడు పాలిథిను కాగితమును నాలుగంచులను గట్టిగా అంటించి రెండు దినములుంచి చూడుడని చెప్పి వచ్చితిని. బిందువులు కాగితమునకు గోడవైపున పట్టినచో చెమ్మ గోడలోనిది. గదివైపున పట్టినచో అది వేడినీటి ఆవిరి చల్లని గోడపై కూడినది, దానికి కిటికీ తెరచుటయే మందు. గోడవైపుననే పట్టినవని ఆమె తరువాత చెప్పిరి.

మా యింటి సంగతికి వచ్చెదను. మిగిలిన పరీక్షలకు మేము స్నానములు క్రింది భాగమున చేయవలసి వచ్చెను. దీనికి మా తోడికోడలు ఒప్పుకొనునో లేదో యని నేను రెండు దినములు జంకితిని. అడుగగా ఆమె వెంటనే సరేయని, అత్తగారికి నీళ్ళు తానే కాచి పెట్టెదననెను. ఆనాటి నుండి క్రింది మచ్చకు ఆమెయే అధికారిణి. పెన్సిలు కొప్పులో దోపుకొని తిరిగెడిది.

షవరు తల విప్పి, దానికి రబ్బరు గొట్టము తగిలించి, చివరను బకెట్టులో ఉంచి అరగంటసేపు నీరు విడిచితిని. గచ్చుపై చుక్క పడలేదు. బకెట్లు నిండినకొలది మిద్దెమీది పూలకుండీలకు పోసితిమి. రెండు దినములు చూచితిమి. "అక్కయ్యా, గీత కదల్లేదు!" అని క్రిందినుండి కేక. గోడలోని షవరు గొట్టము నిర్దోషి. తరువాత నేలలోని తూముమూతి, మేస్త్రీలు నానీ ట్రాపు అని పిలుచునది, దానిలోనికి లోతుగా గొట్టము దింపి, పండ్రెండు బకెట్ల నీరు గచ్చును తాకకుండ పోసితిని. మరల రెండు దినములు. గీత కదలలేదు. తూము గొట్టమును నిర్దోషి. ఈ రెండేసి దినముల ఎడము తప్పక ఉండవలెను. గచ్చు క్రింది పొరలలో నీరు నిలిచి మెల్లగా దిగుటయు కలదు. తొందరపడినచో నిన్నటి నీటి నేరము నేటి నీటిపై బడును.

ఇక గచ్చు. తూముమూతికి జాలరి తీసి, లోపలి మెడలో, పాలిథిను సంచిలో కట్టిన తడి యిసుకను బిగించి కుక్కితిని. గచ్చుపై ఒక అంగుళము లోతున నీరు నిలిపి, గోడపై గీత గీసితిని. నీరు ఆవిరియై కూడ తగ్గును గదా! అందుకు ప్రక్కనే వెడల్పాటి పళ్ళెములో నీరుపోసి దానికిని గుర్తు పెట్టితిని. మా గది అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అందు అంగుళము నీరనగా ఎనుబది లీటర్లకు పైగా, అంతే కిలోల బరువు. గట్టి శ్లాబునకు అది లెక్క కాదు. కాని కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడిన యింట ఈ పరీక్ష చేయకుడు. అచ్చట ముందు ఇంజనీరుకు చూపవలెను. మూడవ గంట నిండక ముందే క్రిందినుండి కేక వచ్చినది. ఈసారి మాటలు లేవు. నా పేరు మాత్రమే. పోయి చూడగా పెద్దమచ్చ నడుమ చెమట పట్టినట్లు మెరయుచున్నది. ఒక చుక్క కూడ వ్రేలాడుచుండెను. మరునాటి యుదయమునకు పళ్ళెము నీరు నూలుపోగంత తగ్గగా గచ్చు నీరు వ్రేలి మందము తగ్గెను.

డెబ్బైవేల మేస్త్రీ చెప్పినదే నిజమా యని నా గుండె జారినది. అయితే గచ్చంతయు కారుచున్నదా, ఒకచోటనా? గచ్చు ఆరుటకు నాలుగు దినములు విడిచి, గోధుమపిండిని గట్టిగా కలిపి, తూముమూతి చుట్టు జానెడు వలయముగా కట్ట కట్టితిని. మొదట కట్టకు వెలుపల మాత్రము నీరు నిలిపితిని. తూముచుట్టు పొడిగ నుంచితిని. ఒక దినమంతయు చూచినను క్రింద ఏమియు లేదు. రెండు దినముల తరువాత వెలుపల ఆరనిచ్చి, కట్ట లోపల మాత్రము నీరు పోసితిని. నాలుగు చెంబుల నీరు. గంటలోగా క్రింద చుక్క దిగినది.

దొంగ గచ్చు కాదు, తూముమూతి అంచు. మేడ కట్టినప్పుడు ఆ గొట్టమును దింపుటకై శ్లాబును ఉలితో తొలిచి, తరువాత ఆ బొక్కను మిగిలిపోయిన సున్నపురాళ్ళతోను, సిమెంటుతోను పూడ్చిరి. అది కాలక్రమమున కుంచించుకొని, గొట్టమునకును శ్లాబునకును నడుమ వెంట్రుకవాసి సందు ఏర్పడినది. గొట్టము లోపల పోవు నీటికి దోషము లేదు. గచ్చుపై పారి మూతిని జేరునప్పుడు అంచునుండి కొంత ఆ సందున దిగిపోవుచున్నది. అత్తగారు మూడుపూటలు కాక ముప్పదిపూటలు స్నానము చేసినను, సందు లేనిచో చుక్క దిగదు. సందు ఉన్నచో పసిపిల్ల కాళ్ళు కడుగుకొన్నను దిగును. నేనీ మాట అత్తగారితో చెప్పినప్పుడు ఆమె, "అయితే నేను పైన చేయవచ్చునా?" అని మాత్రమే అడిగెను.

మరి సంపూర్ణమైన వాటర్ ప్రూఫింగు ఎన్నడును అక్కరలేదా యని అడుగుదురేమో. తెనాలిలో నా బాల్యస్నేహితురాలికి అది తప్పలేదు. వారిది అపార్ట్‌మెంటు. గొట్టములన్నియు పరీక్షలో నిలిచినవి. తూము అంచును పొడిగ నుంచి నీరు నిలిపినను క్రింది వారి కప్పున మూడుచోట్ల, గోడ మూల పొడవునను చెమ్మ దిగినది. టైళ్ళపై నడచిన డొల్ల చప్పుడు. వాలు సరిగా లేక నీరు మూలను నిలిచెడిది. క్రింది కప్పులో చువ్వ త్రుప్పుపట్టి పెచ్చులు రాలుచుండెను. ఇనుము త్రుప్పుపట్టిన పలురెట్లు ఉబ్బును. ఆ యుబ్బు కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. ఇంతదాక వచ్చిన తరువాత సందులలో తెల్లసిమెంటు నింపుట కాలయాపన. క్రింద రంగు వేయుట కపటము.

టైళ్ళు నీటిని ఆపునని చాలమంది భ్రమ. టైలు ఆపును గాని టైలుకును టైలుకును నడుమనున్న సందు ఆపదు, మెల్లగా పీల్చును. నీటిని నిజముగా ఆపవలసిన పొర టైళ్ళ క్రింద ఉండవలెను. ఈ విద్య క్రొత్తది కాదు. మొహెంజొదారోలోని మహాస్నానవాటికలో ఇటుకల వెనుక తారుపొర వేసియుండిరని త్రవ్వకములలో బయటపడినది. మన పెద్దల గచ్చు అనగా సున్నము, ఇటుకపొడి కలిపి, కరక్కాయయు బెల్లమును నానిన నీటితో దినముల తరబడి దంచి మెత్తినది. వారి స్నానములు దొడ్డిలో. ఆ నీరు జలదారి వెంట అరటిమొక్కలకు పోయెడిది. ఎవరి కప్పుపైనను బడు ప్రసక్తి లేదు. నెత్తిమీద నెత్తి కట్టుకొన్నది మనము.

నా స్నేహితురాలి యింటి పని నేను రెండు దినములు దగ్గర నిలిచి చూచితిని. టైళ్ళు, వాని క్రింది సిమెంటు అంతయు శ్లాబు వరకు తీసివేసిరి. గొట్టములను క్రొత్తగా బిగించి, మూసివేయుటకు ముందే నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించిరి. గోడయు నేలయు కలియు మూలలను పదునుగా విడువక సిమెంటుతో గుండ్రముగా దిద్దిరి. పగుళ్ళు మొదలగునది ఆ మూలలలోనే. తరువాత సిమెంటుతో కలిపి పూయు పాలిమరు పూతను రెండుమారులు, మొదటిది నిలువుగా, అది ఆరిన పిమ్మట రెండవది అడ్డముగా వేసిరి. గోడలపై అడుగు ఎత్తు వరకును, షవరు వైపు ఆరడుగుల వరకును పూసిరి. తూముమూతి లోపలి అంచునకు పూత మడిచిరి. అది ఆరిన తరువాత రెండు దినములు నీరు నిలిపి, క్రిందివారిని పిలిచి చూపి, అటుపైని టైళ్ళు పరచిరి. వాలు ఎనిమిదడుగులకు ఒక అంగుళము చొప్పున తూమువైపు. మేస్త్రీ ఈ నీరు నిలుపు పరీక్షను దాటవేయ జూచెను. రెండు దినముల కూలి పోవునని. నా స్నేహితురాలు టైళ్ళపెట్టెలపై కూర్చుండి కదలలేదు. అది లేక టైళ్ళు పరచిన, పూతలో తప్పు ఉన్నదో లేదో మరల పగులగొట్టిన గాని తెలియదు.

మాకు అంత పని పడలేదు. ఫాల్గుణమున ఒక వృద్ధ మేస్త్రీ వచ్చి, తూముచుట్టు నాలుగు టైళ్ళు తీసి, పాతపూడిక అంతయు శ్లాబు తేలువరకు చెక్కి, బొక్క అంచులు గరుకు చేసి, కుంచించుకొనని సిమెంటు గట్టిగా కూరి, ఆ జానెడు చోట పై చెప్పిన పూత రెండు మారులు వేసెను. అందరును నా పిండికట్టను చూచి నవ్విన వారే గాని, ఆ మేస్త్రీ మాత్రము మరల అట్టి కట్టయే కట్టి, నీరుపోసి, తానే క్రిందికి పోయి గంటసేపు కప్పు చూచుచు కూర్చుండెను. ఆరువేల రెండువందలు పుచ్చుకొనెను. ఇది శాశ్వతమని నేననను. గచ్చు తక్కిన భాగమునకు వయస్సు వచ్చుచున్నది; తూర్పుమూలను ఒక టైలు డొల్ల పలుకుచున్నది. ఏటికొకమారు వానలకు ముందు నీరు నిలిపి చూచెదను. ఎన్నడు వెలుపలి నీరు కూడ దిగునో ఆనాడు డెబ్బైవేల మాట ఆలోచింపవలెను.

పని ముగిసిన తరువాత పదిదినములకు మా తోడికోడలు ఆదుర్దాగా పైకి వచ్చి, మచ్చ ఇంకను తడిగనే యున్నదనెను. టైళ్ళ క్రింది ఇసుకలో ఇదివరకు చేరిన నీరు దిగుటకు వారములు పట్టునని, గీత దాటనంత వరకు భయము లేదని చెప్పితిని. చెప్పితిని గాని రాత్రి నాకును నిద్ర పట్టలేదు. అయిదవ వారమునకు మచ్చ ముట్టుకొన్న పొడిగా తగిలినది. ఆమె ఉప్పుపొడిని పొడిబ్రష్షుతో రాల్చి, వైశాఖపు ఎండలు ముదిరినాక సున్నము వేయించుకొన్నది. పెన్సిలు గీతలున్న చోట మాత్రము వేయనీయలేదు. ఈ ఆషాఢములో మొదటి పెద్దవాన కురిసిన మరునాడు ఆమె బల్ల యెక్కి ఆ గీతలను పరిశీలించుచుండగా నేను పోయితిని. ఏమియు లేదని చేయి ఊపెను. పైన అత్తగారి స్నానపు చప్పుడు వినబడుచుండెను. నాలుగవ చెంబో, అయిదవదో.